బొమ్మపై అభ్యాసం – ఊపిరికి అభయం

"బతికి ఉంటే బలుసాకు తినవచ్చు" అని తెలుగువారి సామెత. "జాన్ హై తో జహాన్ హై" అని ఉర్దూవారి నానుడి. ప్రాణమున్నప్పుడే ప్రపంచమని రెండింటి భావం. ఈ రెండు భాషలూ ఒకే ప్రాంగణంలో చదువుకొనే కళాశాల మనది. ఆ రెండు భాషలకూ ఉమ్మడిగా మరొక చిన్న మాట ఉన్నది. అది దమ్ము. ఉర్దూలో దమ్ అంటే ఊపిరి. మన పల్లెలలో ఆయాసపడే ముసలివారిని చూసి 'దమ్ము వస్తున్నది' అంటారు. వెనుకంజ వేయని మనిషిని 'దమ్మున్నవాడు' అంటారు. ఊపిరికీ గుండెనిబ్బరానికీ ఒకే మాటను వాడుకొన్న జనం తెలియకనే ఒక సత్యాన్ని చెప్పారని మాకు తోస్తుంది. ఆగిపోతున్న ఊపిరిని నిలబెట్టవలసిన వైద్యునికి చేతినేర్పు ఎంత అవసరమో గుండెనిబ్బరమూ అంతే అవసరం. ఆ రెండూ రోగి పక్కన నిలిచిన క్షణంలో పుట్టుకురావు. ముందుగానే అభ్యాసంచేత అలవడవలె. ఆ అభ్యాసానికై నేటి వైద్యవిద్య ఏర్పరచుకొన్న మార్గమే అనుకరణ శిక్షణ. దీనినే సిమ్యులేషన్ అని వ్యవహరిస్తున్నారు. ఈ శిక్షణ మన బొగ్గుప్రాంతానికి ఎందుకు ముఖ్యమో నాలుగు మాటలు చెప్పటమే ఈ వ్యాసం ఉద్దేశం.

మేము రామగిరి ఖిల్లా నీడలో పెరిగినవాళ్ళం. ఆ గుట్టపై ఔషధమూలికలు విస్తారంగా దొరుకుతాయని ప్రసిద్ధి. వృక్షశాస్త్రం చదివే విద్యార్థులు వాటిని పరిశీలించటానికి దూరప్రాంతాల నుండి వస్తుంటారు. గుట్టపైన మందుమొక్కలు, గుట్ట చుట్టూ నేలపొరలలో బొగ్గు. సెంటినరీ కాలనీ మొదలు గోదావరిఖని, రామగుండం వరకు బొగ్గుతో బంధం లేని ఇల్లు అరుదు. గనిని మావారు 'బాయి' అంటారు. బాయి దిగిన మనిషి షిఫ్టు ముగించుకొని తిరిగి గుమ్మంలో అడుగుపెట్టేవరకు ఇంటిల్లిపాదికీ ఒక చెవి వీధివైపే ఉంటుంది. అది ఉత్త భయం కాదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7వ ఎల్.ఇ.పి. గనిని నీరు ముంచెత్తి 17 మంది ప్రాణాలు కోల్పోయారు. 2022 మార్చి 7న అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో పైకప్పు కూలి ముగ్గురు మరణించారు. చిక్కుకొన్న మరికొందరిని రక్షణ బృందాలు సజీవంగా పైకి తెచ్చాయి. ఇటువంటి వార్త వచ్చిన నాడు మా వీధులలో పొయ్యి వెలగదు.

ఆపద గని అడుగునే ఉంటుందని కాదు. పైకప్పు రాలి ముఖం చితికిన కార్మికుడు, మంటసెగ పీల్చి గొంతులోపల కాలినవాడు, రాజీవ్ రహదారిపై లారీకింద పడిన యువకుడు, అప్పులబాధతో పురుగుమందు తాగిన రైతు, ఆరుబయట నేలమీద నిద్రిస్తూ కట్లపాము కాటుకు గురైన కూలితల్లి – వీరందరూ మా ప్రాంతపు ఆసుపత్రుల గుమ్మాలకు వచ్చేవారే. రోగాలు వేరు, కారణాలు వేరు. కాని వీరందరికీ మొదట కావలసినది ఒక్కటే: గాలి పోయే దారి. చితికిన ముఖంలో నెత్తురు ఆ దారిని మూస్తుంది. కాలిన గొంతు గంటగంటకూ వాచి ఆ దారిని ఇరుకు చేస్తుంది. పురుగుమందు విషంవల్ల నోట, ఊపిరితిత్తులలో స్రావాలు నిండుతాయి. కట్లపాము విషం ఊపిరి పీల్చే కండరాలనే నిశ్చేష్టం చేస్తుంది; ఆ మనిషికి గొట్టంద్వారా శ్వాస అందిస్తూ పోతే విషం దిగి, లేచి ఇంటికి నడిచి వెళ్ళగలదు. అందించకపోతే తెల్లవారదు.

స్పృహ తప్పి వెల్లకిల పడిన మనిషి నాలుక పట్టుతప్పి వెనుకకు జారుతుంది. ఏ నాలుకతో ఇంతకాలం మాట్లాడాడో ఆ నాలుకే అతని గొంతుకు అడ్డుపడుతుంది. మెదడుకు ప్రాణవాయువు అందకుండా సుమారు 4 నిమిషాలు గడిస్తే దానికి శాశ్వతమైన హాని మొదలవుతుంది. ఇక్కడి నుండి కరీంనగరానికి గంటకు మించిన ప్రయాణం. హైదరాబాదుకు నాలుగైదు గంటలు. గంటల లెక్కన ఉన్న దారికీ నిమిషాల లెక్కన ఉన్న ప్రాణానికీ పొత్తు కుదరదు. కనుక మొదటి నాలుగు నిమిషాల వైద్యం ఇక్కడే, ఈ మట్టిమీదనే జరగవలె. దానిని చేసేది పట్టణంలోని పేరుమోసిన నిపుణుడు కాదు. ఆ రాత్రి ఇక్కడ డ్యూటీలో ఉన్న యువవైద్యుడు, పక్కనున్న నర్సు.

ఆ వైద్యం మెట్లుమెట్లుగా ఉంటుంది. మొదటి మెట్టుకు పరికరమే అక్కరలేదు. నుదుటిపై ఒక చేయి ఉంచి తలను వెనుకకు వంచి, రెండవ చేతితో గడ్డాన్ని పైకెత్తితే జారిన నాలుక ముందుకు వస్తుంది. మెడ ఎముక విరిగి ఉండవచ్చునన్న అనుమానం ఉంటే తల వంచరాదు. దవడ మూలలను మాత్రమే ముందుకు నెట్టవలె. తరువాత నోటిలోని నెత్తురును, వాంతిని యంత్రంతో పీల్చివేయటం. ఆపైన ముఖానికి మాస్కు బిగించి అంబు బ్యాగు నొక్కుతూ శ్వాస ఇవ్వటం. ఈ బ్యాగును 1956లో హోల్గర్ హెస్సె అనే ఇంజనీరు, హెన్నింగ్ రూబెన్ అనే మత్తువైద్యుడు కలిసి రూపొందించారు. అదీ చాలనప్పుడు లారింగోస్కోపు దీపపు వెలుగులో స్వరతంత్రుల నడుమనుండి శ్వాసనాళంలోకి గొట్టం దింపటం. గొట్టమూ దిగక, మాస్కుతోనూ ఊపిరి పోక, అన్ని దారులూ మూసుకుపోతే కంఠమణికి దిగువనున్న పలుచని పొరను కోసి, అక్కడి నుండి నేరుగా గాలి పంపటం చివరి మెట్టు. ఈ చివరి మెట్టు ఒక వైద్యుని జీవితకాలంలో ఒకసారి రావచ్చు, రాకనూ పోవచ్చు. వచ్చినప్పుడు మాత్రం పుస్తకం తెరిచే వ్యవధి ఉండదు. ఎన్నడూ చేయని పనిని మొదటిసారే, చీకటిరాత్రి, వణకని చేతితో చేయవలసి ఉంటుంది. ఇది ఎట్లా సాధ్యం?

పూర్వం దీనికి వైద్యవిద్య చెప్పిన సమాధానం సూటిగా ఉండేది: పెద్దలు చేస్తుండగా చూడు, ఆపైన రోగిపై నీవే చేయి, చేస్తూ నేర్చుకో. అట్లా నేర్చుకొన్న మహావైద్యులు ఎందరో ఉన్నారు. కాని ఆ నేర్పుకు మూల్యం చెల్లించినవారి పేర్లు ఏ గ్రంథంలోనూ కనబడవు. వారు సాధారణంగా ధర్మాసుపత్రి మంచాలపై పడుకొన్న పేదవారు.

శ్వాసను గూర్చిన ఈ విచారంలో మన హైదరాబాదుకు ఒక విశిష్ట స్థానం ఉన్నది. 1846లో నిజాం ప్రభుత్వం ఉర్దూ మాధ్యమంలో వైద్యపాఠశాలను నెలకొల్పినది. దానికి తరువాతి కాలంలో అధిపతిగా వచ్చిన ఎడ్వర్డ్ లారీ తన శిష్యులకు క్లోరోఫాం ఇచ్చేటప్పుడు నాడిని కాక శ్వాసను కనిపెట్టుకొని ఉండమని బోధించేవాడు. ఆ వాదాన్ని పరీక్షించటానికి ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ధనసహాయంతో 1888లోను, 1889లోను రెండు క్లోరోఫాం కమిషన్లు హైదరాబాదులో పనిచేసాయి. రెండవదానికి లండనులోని 'లాన్సెట్' పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ అనే ప్రముఖ వైద్యుడు వచ్చాడు. వందలాది జంతువులపై ప్రయోగాలు జరిగాయి. ఆ పాఠశాలలో చదువుకొన్న రూపాబాయి ఫర్దూన్జీ ఆ రోజులలోనే క్లోరోఫాం ఇవ్వటంలో ఆరితేరి, ప్రపంచపు తొలి మహిళా మత్తువైద్యులలో అగ్రగణ్యగా పేరు పొందింది. క్లోరోఫాం ముందుగా శ్వాసనే ఆపుతుందని, గుండెను నేరుగా ఆపదని కమిషన్ తేల్చింది. 1911లో లెవీ అనే శాస్త్రజ్ఞుడు క్లోరోఫాం గుండెను కూడ నేరుగా ఆపగలదని నిరూపించాడు. కమిషన్ సిద్ధాంతం ఆ మేరకు వీగిపోయింది. కాని 'శ్వాసను విడువక చూడు' అన్న పాఠం మాత్రం నేటికీ ప్రతి మత్తువైద్యుని మొదటి పాఠంగానే ఉన్నది. మన సింగరేణిలో ఇల్లెందువద్ద బొగ్గు తవ్వకం మొదలైనది కూడ ఆ 1889లోనే. ఒకే రాజ్యంలో, ఒకే సంవత్సరంలో, ఒకచోట మనుషులు గాలి ఆడని చీకటిలోకి దిగటం ఆరంభించారు; మరొకచోట గాలి ఆడని మనిషిని ఎట్లా బతికించాలని విద్వాంసులు తర్కించారు. ఆ రెండు ప్రయత్నాలూ ఒకదానికొకటి ఎదురుపడవలసిన చోటు మన బొగ్గుప్రాంతపు ఆసుపత్రియే.

రోగికీ విద్యార్థికీ నడుమ ఒక మెట్టు ఉండవలెనన్న ఆలోచనకు రూపమిచ్చినవాడు ఒక బొమ్మలవ్యాపారి. నార్వే దేశంలో స్టావాంగెర్ అనే పట్టణంలో ఆస్ముండ్ లార్డాల్ పిల్లల ఆటబొమ్మలు చేసేవాడు. నోటితో నోటికి ఊపిరి ఊదే పద్ధతి ప్రయోజనాన్ని 1950ల చివర పీటర్ సాఫర్ అనే వైద్యుడు నిరూపించినప్పుడు, దానిని వేలమందికి నేర్పటం ఎట్లా అన్న ప్రశ్న పుట్టింది. బతికి ఉన్న మనిషిపై నేర్పలేము. కాగితంపై నేర్పితే రాదు. లార్డాల్ 1960లో నిలువెత్తు బొమ్మను చేశాడు. తల వంచితేనే గొంతు తెరుచుకొనేటట్లు, సరిగ్గా ఊదితేనే ఛాతీ లేచేటట్లు దానిని అమర్చాడు. దానికి 'ఆన్' అని పేరు పెట్టాడు. పారిస్‌లో సేన్ నది నుండి వెలికితీసిన అజ్ఞాత యువతిదని చెప్పబడే ముఖపు అచ్చును దానికి అమర్చాడు. ఎవరూ రక్షించలేకపోయిన ఆ ముఖంపై లోకమంతా రక్షించటం నేర్చుకొన్నది.

ఆ వెంటనే 1960ల చివరిభాగంలో అమెరికాలోని సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డెన్సన్, ఏబ్రహామ్‌సన్ అనే ఆచార్యులు 'సిమ్ వన్' అనే కంప్యూటరు బొమ్మను తయారుచేయించారు. అది ఊపిరి పీల్చేది, దాని కనుపాపలు చిన్నవీ పెద్దవీ అయ్యేవి, గుండె కొట్టుకొనేది. దానిని చేసిన ముఖ్యోద్దేశం మత్తువైద్య విద్యార్థులకు శ్వాసనాళంలో గొట్టం దింపటం నేర్పటమే. ఆ బొమ్మపై అభ్యసించినవారు తక్కువ ప్రయత్నాలలోనే నిపుణులైనారని 1969లో వారు ప్రకటించారు. కాని దాని ఖరీదు చూచి లోకం వెనుదీసింది. ఆ ఆలోచన మళ్ళీ బలపడటానికి మరి రెండు దశాబ్దాలు పట్టింది.

కొంతకాలం క్రితం అటువంటి వైద్యశిక్షణశాల ఒకదానిని చూచే అవకాశం మాకు కలిగింది. బల్లపై నడుమువరకే ఉన్న రబ్బరు బొమ్మ. ఎదుట వరుసగా యువవైద్యులు. మొదటి యువకుడు ఎడమచేత లారింగోస్కోపు పట్టి, కుడిచేత గొట్టం దింపి, బ్యాగు నొక్కాడు. ఛాతీకి బదులు పొట్ట ఉబ్బింది. గొట్టం అన్నవాహికలోకి పోయింది. అతడు తీసి మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ అదే. మూడవసారికి అతని నుదుట చెమట పట్టింది. శిక్షకుడు కోప్పడలేదు. గడియారం చూపి, "రెండు నిమిషాలు గడిచినవి. ఈలోగా ఈ మనిషికి ఊపిరి ఎవరిచ్చారు?" అని మాత్రం అడిగారు. గదిలో నిశ్శబ్దం. మా వంటి సామాన్యులకు సైతం ఆ ప్రశ్నతో అసలు సంగతి బోధపడింది. గొట్టం దిగనందువల్ల మనిషి చనిపోడు. ఊపిరి అందనందువల్ల చనిపోతాడు. గొట్టం దింపాలన్న పట్టుదలలో వైద్యుడు ఊపిరిని మరచిపోవటమే అసలైన అపాయం. ఆ మరుపును బొమ్మ పట్టి ఇచ్చింది. ఎవరి ప్రాణమూ పోలేదు, ఎవరి తల్లీ వరండాలో ఏడవలేదు. యువకుడు మాస్కు అందుకొని, ముందు ఊపిరి ఇచ్చి, ఆపైన గొట్టం దింపాడు. ఈసారి ఛాతీ లేచింది.

ఈ పద్ధతి మన బొగ్గుప్రాంతానికి కొత్తదేమీ కాదని ఆనాడు మాకు తట్టింది. రామగుండంలో సింగరేణివారి మైన్స్ రెస్క్యూ స్టేషన్ ఉన్నది. 1985 నాటి గనుల రక్షణ నియమావళి ప్రకారం రక్షకదళంలో చేరినవారు వీపుకు ఆక్సిజన్ పరికరం తగిలించుకొని శిక్షణ గ్యాలరీలో అభ్యాసం చేయవలె. అది గనివలె కట్టిన గది. వేడి, ఉక్క, పొగ, చీకటి; వంగి, పాకి పోవలసిన ఇరుకుదారులు. అక్కడ వారు బొమ్మమనిషిని స్ట్రెచరుపై మోసుకొని వస్తారు, అడ్డుగోడలు కడతారు. అభ్యాసం ఒకసారి చేసి ఊరుకొంటే చాలదు, మళ్ళీమళ్ళీ చేయవలసిందే. ఎందుకు? నిజమైన పొగలో అడుగుపెట్టిన నాడు కాలు తడబడకుండా ఉండటానికి. మంటలున్న గనిలోనే రక్షకులకు తొలిపాఠం చెప్పుదామని మన పెద్దలు ఎన్నడూ అనుకోలేదు. గనినుండి మనిషిని పైకి తెచ్చే చేతులకు ఇంత అభ్యాసం ఉన్నప్పుడు, పైకి వచ్చిన మనిషి గొంతులో గాలి నిలబెట్టే చేతులకు అది ఎందుకు ఉండరాదు? రక్షణ అన్నది ఒక గొలుసు. బాయి అడుగున ఎంత గట్టిగా ఉన్నా ఆసుపత్రి గుమ్మంలో ఒక కడియం తెగితే ఆ గొలుసంతా వ్యర్థమే.

చేతికి నేర్పు ఉంటే చాలునా? చాలదని చెప్పే విషాదగాథ ఒకటి వైద్యలోకమంతా ఎరుగును. 2005 మార్చిలో ఇంగ్లండులో ఒక గృహిణి సామాన్యమైన ముక్కు శస్త్రచికిత్సకై వెళ్ళింది. మత్తు ఇచ్చిన వెంటనే ఆమెకు మాస్కుతో ఊపిరి పోలేదు, గొట్టమూ దిగలేదు. అక్కడ ఉన్నవారు అనుభవంలేనివారు కాదు, పేరుపొందిన వైద్యులు. అయినా గొట్టం దింపే ప్రయత్నంలోనే వారు మునిగిపోయి, కాలం ఎంత గడిచిందో గమనించలేదు. ఒక నర్సు కంఠాన్ని తెరిచే పరికరాల పెట్టె తెచ్చి చూపింది. ఆమె మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. ఆ తల్లి మరల స్పృహలోకి రాలేదు. 13 రోజులకు కన్నుమూసింది. ఆమె భర్త మార్టిన్ బ్రోమిలీ విమానచోదకుడు. అతడు ఎవరినీ శిక్షించమని కోరలేదు. విమానంలో ఆపద వచ్చినప్పుడు చోదకులు ఎట్లా ఒకరితో ఒకరు మాట్లాడవలెనో నకిలీ కాక్‌పిట్‌లో కూర్చోబెట్టి నేర్పుతారు, వైద్యులకు ఎందుకు నేర్పరు అని అడిగాడు. 2007లో అందుకై ఒక సంఘాన్ని స్థాపించి జీవితాన్ని ఆ పనికి అంకితం చేశాడు.

ఈ గాథ నేర్పే పాఠం మన సమాజానికి మరింత వర్తిస్తుంది. పెద్దలయెదుట పిన్నలు నోరు తెరవరాదన్న మర్యాద మనకు ఉగ్గుపాలతో వచ్చినది. అది సభలో శోభ. కాని ఊపిరి ఆగుతున్న చోట ఆ మర్యాద ప్రాణాంతకం. "సార్, ఆక్సిజన్ పడిపోతున్నది, ముందు బ్యాగు నొక్కండి" అని నర్సు గట్టిగా అనగలగవలె. "నాకు సాధ్యం కావటం లేదు, సహాయం పిలవండి" అని వైద్యుడు సిగ్గుపడకుండా అనగలగవలె. ఈ రెండు వాక్యాలు పుస్తకంలో చదివితే సులభం; నోట పలకటం కష్టం. అందుకే నేటి అనుకరణ శిక్షణలో బొమ్మ ఎదుట ఒక్క వైద్యుని కాక, వైద్యుడు, నర్సు, అంబులెన్సు సహాయకుడు అందరినీ కలిపి నిలబెడతారు. అభ్యాసం ముగిసిన పిదప కూర్చోబెట్టి ఏ క్షణాన ఎవరికి ఏమి తోచిందో మాట్లాడిస్తారు. తప్పెవరిదని నిలదీయరు, తరువాతిసారి ఏమి మార్చవలెనో ఆలోచింపజేస్తారు. దమ్ము అన్న మాటకు రెండవ అర్థం అలవడేది ఆ మాటల మధ్యనే.

మన దేశంలోనూ దీనికి చక్కని నియమాలు ఏర్పడినవి. అఖిలభారత కఠిన శ్వాసమార్గ సంఘం 2016లో మార్గదర్శకాలు ప్రకటించినది. గొట్టం దింపే ప్రయత్నాలు మూడుకు మించరాదు; ప్రయత్నానికీ ప్రయత్నానికీ నడుమ మాస్కుతో ఊపిరి ఇవ్వవలె; కష్టమని తోచిన వెంటనే సహాయం పిలవవలె; అన్నీ విఫలమైతే కంఠం తెరవటానికి ఆలస్యం చేయరాదు. గదిగోడకు అంటించుకోదగిన నియమాలు ఇవి. కాని గోడమీది నియమం వేలిచివరకు దిగిరావటానికి అభ్యాసం తప్ప వేరు దారి లేదు.

కొందరు పెద్దలు ఆక్షేపించవచ్చు. రబ్బరు గొంతు నెత్తురు కారదు, వాంతి చేసుకోదు, మనిషి గొంతువలె వాచదు. దానిపై నేర్చిన విద్య ఎంతటిది అని. ఈ మాటలో సత్యమున్నది. బొమ్మ రోగికి ప్రత్యామ్నాయం కాదు. రోగివద్దకు పోయే ముందరి గుమ్మం మాత్రమే. ఈత నేర్పేవాడు మొదట పిల్లవాణ్ణి గోదావరి మడుగులోకి తోయడు. నడుము లోతు నీటిలోనే నిలుపుతాడు. అంతమాత్రాన నడుము లోతు నీరే గోదావరి అని ఎవరూ అనరు. మరికొందరు ఖర్చు మాట ఎత్తవచ్చు. ఖరీదైన కంప్యూటరు బొమ్మలు ఉన్న మాట నిజమే. కాని సామాన్యమైన రబ్బరు తల చాలు, చేతికి ప్రాథమికమైన నేర్పు పట్టుబడుతుంది. కంఠం తెరిచే అభ్యాసానికి మాంసం దుకాణంలో దొరికే మేక శ్వాసనాళం, దానిపై కప్పిన చర్మపుముక్క చాలును. చాలచోట్ల ఈ పద్ధతినే అనుసరిస్తున్నారు. లోపించేది డబ్బు కంటె తరచుగా సమయం. నేర్చిన విద్య కొద్ది నెలలలోనే చేతినుండి జారిపోతుందని పరిశీలకులు గుర్తించారు. కనుక సంవత్సరానికి ఒకనాడు పండుగవలె జరిపే శిక్షణ కంటె నెలకు అరగంట అభ్యాసం మేలు.

మన ప్రాంతానికి ఇప్పుడు ఒక మంచి అవకాశం వచ్చినది. 2022 నవంబరులో రామగుండంలో ప్రభుత్వ వైద్యకళాశాల 150 సీట్లతో ప్రారంభమైనది. సింగరేణి సంస్థ ధనసహాయంతో వెలసిన ఆ కళాశాలకు సింగరేణి పేరే పెట్టారు. వైద్యకళాశాలలన్నింటిలో నైపుణ్య శిక్షణశాల ఉండి తీరవలెనని జాతీయ వైద్య కమిషన్ నియమం విధించినది. ఐదున్నర సంవత్సరాల చదువు ముగించి అక్కడి నుండి వెలువడే వైద్యులలో మా బొగ్గుబిడ్డలూ ఉంటారు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆరంభమైన 108 అంబులెన్సు సేవ నేడు మా ఊళ్ళకూ వస్తున్నది. ఇట్లా గని రక్షకదళం, 108 సహాయకులు, ఆసుపత్రి నర్సులు, యువవైద్యులు – నలుగురూ ఒకే నేలపై ఉన్నారు. వీరందరూ ఏడాదికి కొన్నిసార్లైనా ఒకే బొమ్మచుట్టూ నిలిచి, గ్యాలరీ పొగలో నుండి ఆసుపత్రి మంచంవరకు ఒకే రోగిని మోసే అభ్యాసం చేయగలిగితే, అది దేశానికే ఆదర్శం కాగలదు. ఆ అభ్యాసంలో తెలుగు, ఉర్దూ, హిందీ మాటలు కలగలిసి వినిపించవలె. ఎందుకంటే ఆపద రాత్రి వినిపించేవి ఆ మాటలే.

మన కళాశాలనుండి వైద్యులు కానివారే ఎక్కువమంది వెలువడతారు. కొందరు ఉపాధ్యాయులు, కొందరు గుమాస్తాలు, కొందరు బాయి దిగేవారు అవుతారు. అయినా మొదటి నిమిషం ఎవరి చేతిలో పడుతుందో ఎవరికి తెలుసు? అంబులెన్సు వచ్చేవరకు తల వంచి గడ్డం ఎత్తి పట్టుకోగలిగిన చేయి, వైద్యుని చేయి కానక్కరలేదు. కనుక పాలకవర్గ పెద్దలకు మా విన్నపం ఒక్కటే. క్రీడాసామగ్రికి, గ్రంథాలయానికి కేటాయించినట్లే, ప్రథమచికిత్స నేర్పే ఒక సామాన్యమైన శిక్షణబొమ్మకు కొంత సొమ్ము కేటాయించండి. ఏటా ప్రతి తరగతికీ ఒక పూట ఆ బొమ్మ ఎదుట గడిపే ఏర్పాటు చేయండి. నేర్పటానికి సమీపంలోని వైద్యవిద్యార్థులనో రక్షకదళంవారినో ఆహ్వానిస్తే కాదనరని మా నమ్మకం. తోటి విద్యార్థులకు మా మనవి: ఆ పూట సెలవుగా భావించి సినిమాకు పోకండి.

నేలలోపలి బొగ్గు ఏదో ఒకనాటికి తరగిపోవచ్చు. తరతరాలుగా ఆ బొగ్గు తవ్విన మనుషుల ఊపిరికి మాత్రం విలువ తరగరాదు. ఆ ఊపిరి ఆగబోయే క్షణంలో పక్కన నిలిచిన చేయి అంతకు ముందే వందసార్లు బొమ్మపై తప్పి, తప్పి, నేర్చుకొని ఉండాలని మా కోరిక. దమ్ము నిలిపేవానికి దమ్ము కావలె. అది అభ్యాసంచేతనే వస్తుంది.